గోదావరి మండల ఆత్మకథలు: దృక్కోణ పరిమితి – సత్యగ్రహణం

ఉపోద్ఘాతం

మనిషి తాను నిలిచిన చోటు నుంచే లోకాన్ని చూస్తాడు. వయస్సు, కులం, విద్య, వృత్తి, స్త్రీపురుష భేదం ఆ చూపునకు హద్దులను ఏర్పరుస్తాయి. ప్రతి చూపులోనూ సత్యాంశం ఉంటుందని, ఏ ఒక్క చూపులోనూ సత్యం సమగ్రంగా ఉండదని అంధగజన్యాయం, జైనుల అనేకాంతవాదం తెలియజేస్తున్నాయి. ఆత్మకథలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా స్వీకరించే పరిశోధకులకు ఈ సూత్రం అత్యవసరం. గోదావరి మండలానికి చెందిన మూడు ఆత్మకథలు ఇందుకు నిదర్శనాలు.

కార్యకర్త చూపు

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం (1848–1919) తొలి వితంతు వివాహాన్ని జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు బాలవితంతువు గౌరమ్మ. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. కార్యభారాన్నీ, బహిష్కారాన్నీ స్వయంగా మోసిన వ్యక్తి రచన కనుక 'స్వీయచరిత్రము'లో ఈ ఘట్టం సంస్కర్తలకూ ఛాందసులకూ మధ్య పోరాటంగా రూపుకట్టింది. ఆయన స్థానం నుంచి అది యథార్థమే.

అయితే అదే సంఘటనకు వేరే ముఖాలున్నాయి. వంటవారు, నీళ్లు మోసేవారు పని మానుకున్నప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు తెచ్చి, వంట చేసి ఇంటిని నిలబెట్టారు. సంస్కరణ ఆయనకు వాదప్రతివాదాల రూపంలో ఎదురైతే, ఆమెకు రోజువారీ శ్రమగా ఎదురైంది. ఇక గౌరమ్మ ఆ కథనంలో మాట్లాడే వ్యక్తి కాదు, ఇతరులు ప్రస్తావించే వ్యక్తి.

తరువాతి తరం చూపు

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) ఆ వివాహం నాటికి పద్నాలుగేళ్ల బాలుడు. చూపు కోల్పోయిన తరువాత ఆయన తన ఆత్మకథను చెప్పి రాయించారు. జ్ఞాపకమే అందులో ప్రధాన సాధనం. పొలమూరులో వైదిక కుటుంబంలో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) ఆనాటికి పుట్టనే లేదు. సంస్కృత విద్యకూ తెలుగు రచనాసక్తికీ మధ్య తాను పడిన సంఘర్షణ నుంచి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ'లో ఆయన అదే సీమను దర్శించారు. సంస్కర్త బయటి నుంచి ఢీకొన్న సంప్రదాయం శ్రీపాదకు తాను పెరిగిన ఇల్లు.

ఆధారాల సంఖ్య – దృక్కోణాల సంఖ్య

ఈ మూడింటినీ కలిపి చదివితే సమగ్ర చిత్రం లభిస్తుందనుకోవడం పొరపాటు. ముగ్గురూ పురుషులు, బ్రాహ్మణులు, అక్షరాస్యులు. వారి మధ్య భేదాలు ఎన్ని ఉన్నా వారు నిలిచిన నేల చాలావరకు ఒకటే. డెల్టా వరిపొలాల్లో శ్రమించిన కూలీలు, నది మీద బతికిన పడవవారు, పెరటి దాటని స్త్రీలు ఈ రచనల్లో కనిపించినా, ఇతరుల కంటితోనే కనిపిస్తారు. ఆధారాల సంఖ్య పెరిగినంత మాత్రాన దృక్కోణాల సంఖ్య పెరగదు.

ముగింపు

పరిమితి అసత్యం కాదు. రచయిత అబద్ధమాడాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆయన స్వయంగా చూసినదేది, విన్నదేది, ఆయన స్థానం నుంచి చూడ వీలుకానిదేది అన్న మూడు ప్రశ్నలతో ఆత్మకథను పరిశీలించాలి. మూడవ ప్రశ్నకు సమాధానం ఆ గ్రంథంలో దొరకదు. మౌఖిక సంప్రదాయాలు, కోర్టు దస్తావేజులు, స్త్రీల పాటలు, కుటుంబ లేఖలు వంటి ఇతర ఆధారాల్లో దానిని అన్వేషించాలి. ఒక్క రచయిత చూపును ఒక యుగ చరిత్రగా పొరబడకుండా పరిశోధకుని కాపాడేది ఈ వివేచనే.