వెబ్ సర్వరు – పి.హెచ్.పి. : ఒక ఆదివారపు అనుభవం

నెలాఖరున జీతపు చీటీ చూసుకొనడానికో, వైద్య ఖర్చుల బిల్లు ఏ దశలో ఉన్నదో తెలుసుకొనడానికో మనవారందరూ సంస్థ వెబ్ పేజీని తెరుస్తూనే ఉంటారు. ఆ పేజీని అందించే పనిలో ఇద్దరు పాలుపంచుకొంటారు. ఆ ఇద్దరికీ పొత్తు కుదర్చడంలో మా కంప్యూటరు విభాగం చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఉంచదలచాము.

మొదటివాడు వెబ్ సర్వరు. అడిగిన ఫైలును అడిగినవారికి పంపడమే వాని పని. బొమ్మ అడిగితే బొమ్మ, ఫారం అడిగితే ఫారం. ఫలానా ఉద్యోగి బిల్లు సంగతి డేటాబేసును అడిగి, వచ్చిన జవాబును పేజీగా కూర్చే విద్య వానికి తెలియదు. అది రెండవవాని పని. స్క్రిప్టింగ్ భాషలో వ్రాసిన ఆదేశాలను చదివి అమలు జరిపే ఇంటర్‌ప్రెటర్ ఆ రెండవవాడు. మేము వాడుతున్న భాష పి.హెచ్.పి. రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత పేజీ కోసం వ్రాసుకొన్న చిన్న పనిముట్లే 1995లో లోకానికి అంది, క్రమేణా ఇంతటి భాషగా ఎదిగాయి. అపాచీ సర్వరు వెలువడినది కూడా ఆ సంవత్సరమే.

అపాచీతో పి.హెచ్.పి.ని వాడినవారు చాలాకాలం దానిని సర్వరు లోపలే ఒక మాడ్యూలుగా ఇమిడ్చారు. అమరిక సులభమే గాని, చిన్న బొమ్మను పంపే ప్రాసెస్ కూడా ఇంటర్‌ప్రెటర్ బరువును మోయవలసి వచ్చేది. 2004లో ఇగర్ సిసోయెవ్ విడుదల చేసిన ఇంజిన్-ఎక్స్ సర్వరు తీరు వేరు. అది ఇంటర్‌ప్రెటర్‌ను తనలో ఉంచుకొనదు. పి.హెచ్.పి. ఫైలు కావాలని ఎవరైనా కోరితే, ఆ కోరికను ఎఫ్.పి.ఎం. అనే వేరొక సర్వీసుకు సాకెట్ ద్వారా అప్పగిస్తుంది. అయితే ఏ ఫైళ్ళను అప్పగించాలో కాన్ఫిగరేషన్‌లో మనమే చెప్పాలి. చెప్పకపోతే?

ఒక ఆదివారం మేము పాత అపాచీ నుండి ఇంజిన్-ఎక్స్‌కు మారాము. మధ్యాహ్నానికి పని ముగిసింది. కార్యాలయం లోపలి నుండి పేజీలు తెరిచి చూచి, తృప్తితో ఇళ్ళకు చేరాము. సాయంత్రం ఒక విశ్రాంత ఫోర్‌మన్ గారి నుండి ఫోను వచ్చింది. “బాబూ, బిల్లు చూద్దామని నొక్కితే ఏదో ఫైలు దిగింది. తెరిస్తే అంతా ఇంగ్లీషు, ఎక్కడ చూచినా డాలరు గుర్తులే! నా బిల్లు డాలర్లలో ఇస్తారా ఏమి?” అన్నారాయన.

మాకు నవ్వు రాలేదు. పి.హెచ్.పి.లో ప్రతి చరరాశి పేరుకు ముందు డాలరు గుర్తు ఉంటుంది. అంటే ఆయనకు దిగినది మా ప్రోగ్రామే. దాని మొదటి పంక్తులలోనే డేటాబేసు పాస్‌వర్డు ఉన్నది. ఆ డేటాబేసులో మన సిబ్బంది, వారి కుటుంబ సభ్యుల వ్యాధుల వివరాలన్నీ ఉన్నాయి.

కారణం కనుగొనడానికి పది నిమిషాలు పట్టలేదు. 80వ పోర్టు బ్లాకులో పి.హెచ్.పి. ఫైళ్ళను ఎఫ్.పి.ఎం.కు అప్పగించే పంక్తులు వ్రాశాము. వెలుపలివారు వచ్చే 443వ పోర్టు బ్లాకులో అవే పంక్తులు చేర్చడం మరచాము. మేము పరీక్షించినది 80వ పోర్టునే. సర్వరు తన ధర్మం ప్రకారం ఫైలును ఫైలుగానే పంపింది! వెంటనే సర్వరును నిలిపి, పాస్‌వర్డు మార్చాము. లాగ్ పరిశీలించగా ఆ ఫైలు పదకొండు మార్లు దిగినట్లు తేలింది. డేటాబేసుకు వెలుపలి నుండి దారి లేకుండా ఫైర్‌వాల్ అడ్డు ఉండడం మా అదృష్టం. రెండు రోజులు డేటాబేసు లాగ్ చదివిన తరువాతనే మాకు నిద్ర పట్టింది.

ఆ పిమ్మట పాస్‌వర్డు ఫైలును వెబ్ డైరెక్టరీ వెలుపలకు మార్చాము. అమరిక తప్పినా ఇక అది సర్వరు చేతికి అందదు. మార్పు జరిగిన ప్రతిసారీ కార్యాలయం వెలుపలి నుండి, మొబైల్ ఫోనుతో, రెండు పోర్టులనూ పరీక్షిస్తున్నాము.

ఇందుకు విరుద్ధమైన ప్రమాదం మరొకటి ఉన్నది. అమలు జరుపకూడని ఫైలును అమలు జరపడం. బిల్లుల స్కాన్ బొమ్మలను సిబ్బంది పంపుతారు గదా! బొమ్మ ముసుగులో ఎవరైనా ప్రోగ్రాము పంపి, దాని చిరునామా చివర పి.హెచ్.పి. పేరు తగిలించి అడిగితే, అజాగ్రత్తగా అమర్చిన చోట ఆ బొమ్మ ప్రోగ్రాముగా నడిచే అవకాశం ఉన్నది. కనుక అడిగిన ఫైలు నిజంగా ఉన్నదో లేదో ముందు చూడమని ఇంజిన్-ఎక్స్‌కు చెప్పాము. బొమ్మల డైరెక్టరీలో పి.హెచ్.పి.ని పూర్తిగా నిషేధించాము.

జీతాల రోజున వేరొక చిక్కు వచ్చింది. గడువు మీరినదని చెప్పే 504 సంఖ్య పలువురికి కనిపించింది. ఎఫ్.పి.ఎం. నమూనా ఫైలులో ఏకకాలంలో పనిచేసే ప్రాసెస్‌ల పరిమితి 5 మాత్రమే. మేము దానిని మార్చనే లేదు. ఆరవవారు వరుసలో నిలువవలసినదే. తొందరలో మాలో ఒకరు 300 అని వ్రాయబోయారు. ఒక్కొక్క ప్రాసెస్‌కు మా ప్రోగ్రాములతో సుమారు 60 ఎంబీ పడుతున్నది. 300 అంటే 18 జీబీ. సర్వరులో ఉన్నది 8 జీబీ! ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఇంజిన్-ఎక్స్‌కు 2 జీబీ వదలితే సుమారు నూరు ప్రాసెస్‌లకు చోటు. మేము 80 వద్ద నిలిపాము. మరుసటి నెల జీతాల రోజున ఫిర్యాదు రాలేదు.

ఇతర యూనిట్ల మిత్రులు కోరినచో మా కాన్ఫిగరేషన్ ఫైలు నకలు సంతోషంగా పంపగలము. పాస్‌వర్డు మాత్రం అందులో ఉండదు.