స్పీకర్ డాబా మీద, పాట డబ్బాలో!

ప్రశ్న: అన్నా, 3055, 2955 ట్రాన్సిస్టర్ల జంటతోని ఆంప్లిఫయర్ చేసిన. సామానంత హైదరాబాద్ కోఠిల కొన్న. స్పీకర్లు డాబా మీదున్నయి. ఇంట్ల రేకు డబ్బా దగ్గర చెవి పెడితే సన్నగ పాట వినొస్తున్నది. పాట ఆపితే ‘గూఁ’ అని ఒకటే మోత. లోపల స్పీకర్ లేదు గద, పాడేదెవరు?
(నల్లగొండ నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్మీ, ముందొక పని చెయ్యి. స్విచ్ ఆపి స్పీకర్ వైర్లు పీకి, కొసలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి, మళ్లీ ఆన్ చెయ్యి. (పాత వాల్వు సెట్టుతో మాత్రం ఈ పని చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.) పాట దాదాపు మాయమవుతుంది, మోత మిగులుతుంది. అంటే నీ డబ్బాలో చప్పుళ్లు రెండు. పాట స్పీకర్‌కు పోయే కరెంటుది, మోత గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటుది.

పాట సంగతి చూద్దాం. పక్కపక్కనున్న రెండు వైర్లలో కరెంటు ఒకే దిక్కుకు పోతే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఎదురెదురుగా పోతే నెట్టుకుంటాయి. 1820లో ఫ్రాన్స్‌లో ఆంపియర్ చేసి చూపించాడు. ఆ బలం ఎంత? రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న వైర్లలో 5 ఆంపియర్లు పారితే, మీటరు పొడవుకు పావు గ్రాము బరువంత. పది పదిహేను బియ్యపు గింజలనుకో. కానీ చెవికి అంత కూడా అక్కర్లేదు, పైగా పల్చటి రేకు డప్పు తోలులా ఆ అదురును పెంచుతుంది.

అవుట్‌పుట్ దగ్గర రాగి తీగ కాయిల్ ఉంటుంది కదా, అందులో ప్రతి చుట్టూ పక్క చుట్టును లాగుతుంది. కరెంటు ఎటు తిరిగినా లాగడమే, నెట్టడం లేదు. కాబట్టి సెకనుకు 500 సార్లు ఊగే స్వరానికి కాయిల్ 1000 సార్లు అదురుతుంది. నీకు పాట సన్నగా వినిపించడానికి ఒక కారణం అదే. ఇక సప్లై వైర్లు: పై ట్రాన్సిస్టర్ పాటలో సగం, కింది ట్రాన్సిస్టర్ మిగతా సగం లాక్కుంటాయి. ఒక్కో వైరు సగం పాటే పాడుతుంది కాబట్టి గొంతు గీరుకుపోయినట్టుంటుంది. కాయిల్‌కు వార్నిష్ పట్టించి, సప్లై వైర్లను గ్రౌండు వైరుతో కలిపి మెలేసి టై బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోయినా నష్టమేమీ లేదు.

104 అని రాసుండే డిస్కు కెపాసిటర్ల మీదా ఒక కన్నేయి. వాటిలోని బేరియం టైటనేట్ వోల్టేజికి ఉబ్బి కుంచించుకుంటుంది. తట్టినా వోల్టేజి పుడుతుంది. అందుకే పాట నడిచే దారిలో పాలిస్టర్ రకం వేసుకోవడం మేలు.

మోత ట్రాన్స్‌ఫార్మర్‌ది. సరఫరా సెకనుకు 50 సైకిళ్లు. ఇనుముకు ఉత్తరమైనా దక్షిణమైనా ఒకటే, సైకిల్‌కు రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది. 100 హెర్ట్జ్ ‘గూఁ’ అదే. స్టాంపింగ్ రేకుల బోల్టులు వదులైతే అది ‘జుర్ర్’ అవుతుంది. చుట్టుపక్కల బోరు మోటార్లు ఆగిన రాత్రివేళ వోల్టేజి 230 దాటి ఎక్కితే, ఇనుము అయస్కాంతంతో నిండిపోయి మోత ఇంకా పెరుగుతుంది. మల్టీమీటర్ పెట్టి చూడు.

ప్లగ్గు పీకి బోల్టులు బిగించు, కింద రబ్బరు వాషర్లు వెయ్యి. గారెలా గుండ్రంగా ఉండే టొరాయిడ్ అయితే నడుమ బోల్టు కింది రేకుకే తగలాలి. పై మూతకూ తగిలితే బోల్టు, మూత, డబ్బా కలిసి ఒక షార్టు చుట్టవుతాయి. ఒకసారి నేనే తగిలించి ఫ్యూజు ఎగరగొట్టుకున్నాను, మూత మాత్రం చాలా అందంగా కుదిరింది.

చప్పుడు ఎక్కడిదో వెతకడానికి ఎండిన ప్లాస్టిక్ గొట్టం చెవికి పెట్టుకో, స్క్రూడ్రైవర్ వద్దు, లోపల 230 వోల్టులున్నాయి. గొట్టంలో పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ దగ్గర ‘సుయ్’మని ఆవిరిలా వినిపిస్తే మాత్రం మొహం వెనక్కి తీసి, వెంటనే స్విచ్ ఆపెయ్.