చెరువు పక్కన ప్లాటా? పునాది తీసే ముందు కింద ఏముందో చూసుకోండి

నగరం అంచున ప్లాటు తక్కువ ధరకు వస్తోందంటే చాలాసార్లు కారణం కిందున్న మట్టే. ఒకప్పుడు అది కుంటో, వరి మడో, కోస్తాలో అయితే చేపల చెరువో అయి ఉండొచ్చు. పైన నాలుగడుగుల మట్టి పోసి చదును చేస్తే మామూలు స్థలంలాగే కనిపిస్తుంది. ఇల్లు కట్టిన కొన్నేళ్లకు గోడల మీద ఏటవాలు పగుళ్లు, బిగుసుకుపోయే తలుపులు అసలు సంగతి బయటపెడతాయి.

మెత్తటి నేలలో ఏం జరుగుతుంది?

నీరు పట్టిన బంకమట్టి మీద బరువు పడితే అందులోని నీరు నెమ్మదిగా బయటకు పోతుంది, నేల కుంగుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగొచ్చు. ఇల్లంతా ఒకే తీరుగా కుంగితే నష్టం తక్కువ. ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ దిగితేనే గోడలు చీలుతాయి.

ఎత్తు పెంచితే సరిపోతుందా?

సరిపోదు. పోసిన మట్టి బరువు కూడా కిందున్న మెత్తటి పొర మీదే పడుతుంది. లారీలతో ఒకేసారి గుమ్మరించిన మట్టి తనంతట తానే కూడా కుంగుతుంది. 15-20 సెంటీమీటర్ల మందాన పొరలుగా వేసి, తడిపి, రోలర్‌తో తొక్కిస్తేనే అది గట్టిపడుతుంది. నల్లరేగడి ఇబ్బంది వేరు. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. దాని మీద తక్కువ లోతులో వేసిన పునాది ఏటా లేచి దిగుతూ ఉంటుంది.

ముందుగా చూడాల్సింది చెరువు హద్దు

చెరువు నిండినప్పుడు నీరు నిలిచే ప్రాంతం ఎఫ్‌టీఎల్. అందులో పట్టా ఉన్నా ఇల్లు కట్టడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కొనే ముందే సర్వే నంబరుతో సరిచూసుకోండి. పునాది ఎంత గట్టిదైనా హద్దులో ఉంటే కూల్చివేత ముప్పు తప్పదు.

సాయిల్ టెస్ట్‌లో ఏం చేస్తారు?

బోరు వేసి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని నేలలోకి దించుతారు. 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. బంకమట్టిలో నాలుగు దెబ్బల్లోపే దిగిపోతే నేల బాగా మెత్తన అని అర్థం. చిన్న ఇంటికి మధ్యలో ఒక బోరు చాలని ప్రమాణాలు చెబుతాయి. కానీ పూడ్చిన స్థలంలో కనీసం రెండు మూలల్లో అడగండి. మట్టి లోతు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చాలా ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనూ ఈ పరీక్ష చేస్తారు.

రిపోర్టులో నాలుగు విషయాలు ఉండాలి: పోసిన మట్టి ఎంత లోతు, గట్టి పొర ఎక్కడ తగిలింది, నీటిమట్టం ఎంత, నేల ఎంత బరువు మోస్తుంది. ఎండాకాలంలో పరీక్ష చేయిస్తే వానాకాలపు నీటిమట్టం గురించి విడిగా అడగండి.

ఏ పునాది ఎప్పుడు?

మెత్తటి పొర నాలుగైదు అడుగుల లోపే ఉంటే దాన్ని తీసేసి, ఇసుక, గ్రావెల్ పొరలుగా నింపి, దిమ్మిస చేసి ఫుటింగ్‌లు వేయొచ్చు.

పొర ఇంకా లోతుంటే రాఫ్ట్, అంటే ఇంటి కింద మొత్తం ఒకే కాంక్రీటు పలక. బరువు అంతటా పరుచుకుంటుంది. అయితే ఒకవైపు మట్టి మరీ మెత్తగా ఉంటే రాఫ్ట్ కూడా ఒరుగుతుంది.

ఇంకా లోతైతే గట్టి పొరదాకా పైల్స్ దించాలి. నల్లరేగడికి రూర్కీలోని సీబీఆర్‌ఐ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. వీటి అడుగు భాగం గడ్డలా ఉబ్బి ఉంటుంది. మట్టిలో మార్పులు తక్కువగా ఉండే లోతుకు దిగుతాయి కాబట్టి పైన నేల ఉబ్బినా ఇంటిని పట్టి ఉంచుతాయి. ప్లింత్ బీమ్‌కూ నేలకూ మధ్య కొంత ఖాళీ వదలాలి.

వీటిలో ఏది వేయాలన్నది మేస్త్రీ అనుభవంతో తేల్చేది కాదు. రిపోర్టు చూసి స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి. పక్కింటి పునాది చూసి మీరూ అదే వేయొద్దు.

ఫ్లాట్ కొంటుంటే?

బిల్డర్‌ను సాయిల్ రిపోర్టు కాపీ అడగండి. రెరా చట్టం ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పటికే పగుళ్లు వచ్చాయా?

పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీని సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అలాంటప్పుడు పైపైన పుట్టీ, రంగు వేయిస్తే డబ్బు వృథా. ముందు పునాది దగ్గర నీరు చేరుతోందేమో, డ్రైనేజీ పైపు కారుతోందేమో చూసి ఇంజినీర్‌ను పిలవండి.