పాత వీడియో గేమ్ కంట్రోలర్ల బటన్ విడిభాగాలు

పాత వీడియో గేమ్ కంట్రోలర్ల బటన్ విడిభాగాలు అనగా ఉత్పత్తి నిలిచిపోయిన వీడియో గేమ్ యంత్రాల కంట్రోలర్లలో అరిగిపోయిన, చిరిగిపోయిన లేదా పోగొట్టుకున్న బటన్లకు బదులుగా అమర్చే భాగాలు. వేలితో నొక్కే ప్లాస్టిక్ బటను, దాని క్రింద ఉండే వాహక రబ్బరు, దిక్కుల మీట (డి-ప్యాడ్) వీటిలో ముఖ్యమైనవి. అసలు తయారీదారులు ఈ భాగాలను ఇప్పుడు ఉత్పత్తి చేయడం లేదు. అందువలన మరమ్మతు చేసేవారు పాత నిల్వలపై, చెడిపోయిన ఇతర కంట్రోలర్లపై, లేదా ఇతర సంస్థలు కొత్తగా చేస్తున్న నకలు భాగాలపై ఆధారపడవలసి వస్తుంది. నకలు భాగాలు చూపుకు అసలు వాటివలెనే ఉన్నా ఎత్తు, గట్టిదనం, విద్యుత్ నిరోధం అనే మూడు లక్షణాలలో తేడా ఉంటే కంట్రోలరు సరిగా పనిచేయదు. అనేక సందర్భాలలో భాగాన్ని మార్చవలసిన అవసరమే ఉండదు, శుభ్రపరిస్తే సరిపోతుంది.

నేపథ్యం

కంట్రోలర్లన్నీ ఒకే పద్ధతిలో తయారు కాలేదు. అటారి సంస్థ 2600 యంత్రానికి వాడిన సీఎక్స్40 జాయ్‌స్టిక్‌లో సర్క్యూట్ బోర్డుపై పలుచని లోహపు గుమ్మటాలు ఉంటాయి. నొక్కినప్పుడు ఇవి వంగి విద్యుత్ మార్గాన్ని కలుపుతాయి. 1982లో నింటెండో సంస్థ గేమ్ అండ్ వాచ్ శ్రేణిలో వెలువరించిన డాంకీ కాంగ్ యంత్రంలో గున్‌పే యోకోయ్ రూపొందించిన, కూడిక గుర్తు ఆకారం గల దిక్కుల మీట వచ్చింది. 1983 జూలై 15న జపానులో విడుదలైన ఫ్యామిలీ కంప్యూటర్ (ఫామికాం), 1985లో అమెరికాలో విడుదలైన దాని రూపాంతరం నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టం (ఎన్ఈఎస్) ఇదే మీటను వాడాయి. ఈ రెండూ కలిపి ప్రపంచమంతటా సుమారు 6.19 కోట్ల యంత్రాలు అమ్ముడయ్యాయి. ఆ తరువాత వచ్చిన సెగా మెగా డ్రైవ్ (1988), సూపర్ ఫామికాం (1990), సోనీ ప్లేస్టేషన్ (1994) కంట్రోలర్లలో కూడా బటను క్రింద వాహక రబ్బరును ఉపయోగించారు.

నింటెండో సంస్థ ఫామికాం ఉత్పత్తిని 2003లో నిలిపివేసింది. అయినా జపానులో మరమ్మతు సేవను 2007 అక్టోబరు 31 వరకు కొనసాగించి, విడిభాగాల కొరత కారణంగా ముగించింది. యంత్రాన్ని తయారుచేసిన సంస్థ వద్దనే భాగాలు కరువైనందున, మిగిలి ఉన్న ప్రతి అసలు భాగానికీ విలువ పెరిగింది.

పనిచేసే విధానం

కంట్రోలరు లోపలి సర్క్యూట్ బోర్డుపై ప్రతి బటను క్రింద రెండు వాహక గీతలు ఒకదానినొకటి తాకకుండా, ఎదురెదురుగా పెట్టిన దువ్వెనల పళ్ళవలె అల్లుకొని ఉంటాయి. చాలా బోర్డులలో ఈ గీతలపై నల్లని కార్బన్ పూత ఉంటుంది. వీటికి పైన సిలికాన్ రబ్బరుతో చేసిన చిన్న గుమ్మటం, దాని లోపలి భాగాన కార్బన్ కలిసిన నల్లని బిళ్ళ ఉంటాయి. బటను నొక్కినప్పుడు గుమ్మటం కుంగి, బిళ్ళ రెండు గీతలనూ తాకి, విద్యుత్ మార్గాన్ని పూర్తి చేస్తుంది. వేలు తీయగానే గుమ్మటం తన స్థితిస్థాపకత వలన యథాస్థానానికి లేస్తుంది. టెలివిజన్ రిమోట్లలోని రబ్బరు మీటలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

ఎన్ఈఎస్ కంట్రోలరులో ఎనిమిది బటన్లు ఉన్నాయి. అవి నాలుగు దిక్కులు, ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్. వీటి స్థితిని 4021 రకపు షిఫ్ట్ రిజిస్టర్ చిప్పు సేకరించి, ఒకదాని తరువాత ఒకటిగా ఒకే తీగ ద్వారా యంత్రానికి పంపుతుంది. కేబులులో మొత్తం ఐదు తీగలే ఉంటాయి. విద్యుత్తుకు రెండు, సమాచారానికి ఒకటి, ఆజ్ఞలకు రెండు.

బటను నొక్కనప్పుడు చిప్పు యొక్క ప్రవేశ కాలును ఒక పెద్ద నిరోధకం 5 వోల్టుల వద్ద నిలిపి ఉంచుతుంది. నొక్కినప్పుడు కార్బన్ బిళ్ళ దానిని సున్నా వోల్టుల వైపుకు లాగుతుంది. ఉదాహరణకు పై నిరోధకం 40,000 ఓములు, బిళ్ళ నిరోధం 400 ఓములు అయితే చిప్పుకు సుమారు 0.05 వోల్టు మాత్రమే అందుతుంది. ఇది "నొక్కబడినది" అని స్పష్టంగా తెలిపే విలువ. మురికి వలన బిళ్ళ నిరోధం 40,000 ఓములకు పెరిగితే 2.5 వోల్టులు అందుతాయి. ఈ విలువ రెండు స్థితుల నడిమధ్యన ఉండడం చేత బటను ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయదు. పాత కంట్రోలర్లలో తరచుగా కనిపించే "గట్టిగా నొక్కితేనే పనిచేయడం" అనే లోపానికి ఇదే ముఖ్య కారణం.

లోపాన్ని గుర్తించడం

విడిభాగం కొనుగోలు చేసే ముందు లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. అన్ని బటన్ల సమాచారం ఒకే తీగ గుండా వెళుతుంది కనుక, బటన్లన్నీ ఒకేసారి పనిచేయకపోయినా, కేబులు కదిపినప్పుడల్లా స్థితి మారుతున్నా, లోపం సాధారణంగా కేబులులో ఉంటుంది. రబ్బరు మార్చినందువలన ప్రయోజనం ఉండదు. ఒకటి రెండు బటన్లు మాత్రమే మొరాయిస్తే లోపం ఆ బటను రబ్బరులో గాని, బోర్డుపై గీతలలో గాని ఉంటుంది.

ఈ రెండింటిలో ఏది అన్నది తేల్చడానికి సులభమైన పరీక్ష ఉన్నది. కంట్రోలరును విప్పి, బాగా పనిచేస్తున్న మరొక బటను రబ్బరును తీసి, దాని బిళ్ళను మొరాయిస్తున్న బటను గీతలపై వేలితో అదిమి చూడాలి. ఆటలో స్పందన వస్తే బోర్డు మంచిదే, పాత రబ్బరే లోపభూయిష్టమైనది. స్పందన రాకపోతే బోర్డును పరిశీలించాలి.

శుభ్రపరచడం

చేతి చెమట, నూనె, దుమ్ము కలిసి బిళ్ళపైన, గీతలపైన పలుచని పొరగా పేరుకొంటాయి. ఈ పొర విద్యుత్ బంధకంగా పనిచేస్తుంది. రబ్బరును, ప్లాస్టిక్ బటన్లను గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూది పుల్లతో మృదువుగా తుడవాలి. గరుకు కాగితంతో గాని కత్తితో గాని గీకరాదు. కార్బన్ పూత లేచిపోతే మరే కొత్త రబ్బరు వేసినా ఆ బోర్డు మునుపటివలె పనిచేయదు.

బిళ్ళపై పెన్సిలు గ్రాఫైటు రుద్దడం, అల్యూమినియం రేకు అతికించడం వంటి చిట్కాలు కూడా వాడుకలో ఉన్నాయి. గ్రాఫైటు పొడి త్వరగా రాలిపోతుంది. రేకు అంచులు లేచి కార్బన్ పూతను గీరే అవకాశం ఉన్నది. కాబట్టి ఇవి తాత్కాలిక ఉపాయాలు మాత్రమే.

విడిభాగాల రకాలు

గుమ్మటం చిరిగినా, బిళ్ళ ఊడినా, ప్లాస్టిక్ విరిగినా భాగాన్ని మార్చక తప్పదు. లభ్యమయ్యే భాగాలు స్థూలంగా నాలుగు రకాలు.

వాడని పాత నిల్వ: ఆ కాలంలోనే తయారై, అమ్ముడుపోకుండా మిగిలిన అసలు భాగాలు. కొలతలు ఖచ్చితంగా సరిపోతాయి. అరుదుగా దొరుకుతాయి, ధర ఎక్కువ. కొత్త నకలు భాగాలను ఈ పేరుతో అమ్మే అవకాశం ఉన్నందున అసలు భాగంతో పోల్చి చూడాలి.

దాత కంట్రోలరు నుండి తీసినవి: బోర్డు లేదా కేబులు చెడిపోయిన కంట్రోలరు నుండి సేకరించిన భాగాలు. శుభ్రపరిచిన తరువాత ఇవి చాలావరకు కొత్త నకలు భాగాల కంటే మెరుగుగా పనిచేస్తాయి. సెలెక్ట్, స్టార్ట్ బటన్ల వాడకం తక్కువ కనుక వాటి రబ్బర్లు సాధారణంగా మంచి స్థితిలో ఉంటాయి.

కొత్త నకలు భాగాలు: ఇతర సంస్థలు అచ్చు పోసి అమ్మేవి. చవకగా, సులభంగా దొరుకుతాయి. ఒక విడత తయారీకి, మరొక విడతకు నాణ్యతలో తేడా ఉండవచ్చు.

త్రీడీ ముద్రణ, రెజిన్ పోత భాగాలు: ప్లాస్టిక్ బటన్లకు మాత్రమే అనువైనవి. త్రీడీ ముద్రణలో పక్క అంచులపై పొరల గీతలు మిగిలి ఉంటే బటను రంధ్రంలో ఒరుసుకొని ఇరుక్కుంటుంది.

నాణ్యతను పరీక్షించడం

ఎత్తు: కొత్త రబ్బరు గుమ్మటాన్ని పాత దానితో ప్రక్కప్రక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. గుమ్మటం ఎక్కువ ఎత్తు ఉంటే కంట్రోలరు మూసినప్పుడు బటను కొంత నొక్కబడియే ఉంటుంది. తక్కువ ఎత్తు ఉంటే బటను వదులై గలగలలాడుతుంది.

గట్టిదనం: రబ్బరు మరీ గట్టిగా ఉంటే వేళ్ళు త్వరగా అలసిపోతాయి. మరీ మెత్తగా ఉంటే బటను ఆలస్యంగా పైకి లేస్తుంది. ఒకే బటనును వేగంగా పదేపదే నొక్కవలసిన ఆటలలో కొన్ని నొక్కులు నమోదు కావు. దిక్కుల మీట క్రింద మెత్తని రబ్బరు వేస్తే, కుడివైపు నొక్కినప్పుడు పైదిక్కు లేదా క్రిందిదిక్కు కూడా తాకి, ఆటగాడు కోరని మూలకు కదలిక కలుగుతుంది.

నిరోధం: మల్టీమీటరు రెండు కొనలను బిళ్ళపై కొద్ది దూరంలో ఉంచి కొలవాలి. విలువ కొన్ని వందల ఓముల లోపు ఉంటే ఎన్ఈఎస్ వంటి కంట్రోలర్లకు సరిపోతుంది. ఒకే రబ్బరులోని బిళ్ళల మధ్య పెద్ద తేడా ఉంటే అది నాసిరకపు తయారీకి గుర్తు.

మీట కీలు: దిక్కుల మీట మధ్యభాగం ఒక ఆధారంపై నిలిచి, ఒక వైపు క్రిందికి వంగితే ఎదుటి వైపు పైకి లేచేట్లు ఉంటుంది. ఈ ఆధారం అరిగినా, నకలు మీటలో దాని ఎత్తు తగ్గినా కుడి ఎడమలు ఒకేసారి నొక్కబడతాయి. అనేక ఆటలు ఈ స్థితిని ఊహించి తయారు చేసినవి కావు. 1987లో విడుదలైన జెల్డా రెండవ ఆటలో కుడి ఎడమలు కలిపి నొక్కితే కథానాయకుడు అసాధారణ వేగంతో దూసుకుపోతాడు.

నమూనాల మధ్య తేడాలు

ఒకే యంత్రానికి చెందిన కంట్రోలర్లలో కూడా భాగాలు మారుతాయి. 1983 నాటి తొలి ఫామికాం కంట్రోలర్లలో ఎ, బి బటన్లు చతురస్రాకారపు మెత్తని రబ్బరుతో ఉండేవి. ఇవి రంధ్రపు అంచుకు పట్టుకొని ఇరుక్కునేవి గనుక తరువాతి ఉత్పత్తిలో గుండ్రని ప్లాస్టిక్ బటన్లను పెట్టారు. చతురస్ర రంధ్రాలు గల పైతొడుగుకు గుండ్రని బటన్లు సరిపోవు. ఫామికాం రెండవ కంట్రోలరులో సెలెక్ట్, స్టార్ట్ బటన్లు లేవు. వాటి బదులు మైక్రోఫోను ఉన్నది.

సూపర్ నింటెండో కంట్రోలరు జపాను, ఐరోపా నమూనాలలో నాలుగు రంగుల బటన్లు ఉంటాయి, అన్నీ ఉబ్బెత్తుగానే ఉంటాయి. అమెరికా నమూనాలో ఊదారంగు ఛాయలు ఉంటాయి. వాటిలో ఎక్స్, వై బటన్లు లోపలికి గుంటగా, ఎ, బి బటన్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. వేళ్ళ స్పర్శతోనే బటనును గుర్తించే ఆటగాడికి ఈ తేడా ముఖ్యమైనది.

2000లో విడుదలైన ప్లేస్టేషన్ 2 యొక్క డ్యుయల్ షాక్ 2 కంట్రోలరు మరింత జాగ్రత్తను కోరుతుంది. దీని బటన్లలో చాలావరకు నొక్కబడినదా లేదా అన్నదే కాక, ఎంత బలంగా నొక్కబడినదన్నది కూడా యంత్రానికి తెలుపుతాయి. ఇటువంటి చోట నిరోధంలో స్వల్ప తేడా కూడా ఆటలో కనిపిస్తుంది. 2001 నాటి మెటల్ గేర్ సాలిడ్ 2 ఆటలో బటనును నెమ్మదిగా వదిలితే కథానాయకుడు కాల్చకుండా తుపాకీని దించుతాడు. సాధారణ రబ్బరు వేసిన కంట్రోలరులో ఈ పని కష్టమవుతుంది.

భారతదేశంలో

1990వ దశకంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా భారతదేశంలో ఎక్కువ మంది పిల్లలు చూసినవి అసలు నింటెండో యంత్రాలు కావు, "టీవీ వీడియో గేమ్" పేరుతో అమ్మిన ఫామికాం నకలు యంత్రాలు. వీటి ఆటలు ఫామికాం ఆటలే అయినా కంట్రోలర్ల లోపలి నిర్మాణం వేరు. ఎ, బి లతో పాటు టర్బో బటన్లు ఉండడం చేత రబ్బరు ఆకారం మారింది. విడి చిప్పుకు బదులు నల్లని జిగురు చుక్క క్రింద దాచిన చిప్పు ఉన్న బోర్డులు సాధారణం. ఎన్ఈఎస్ కొరకు అమ్మే రబ్బర్లు వీటికి సరిపోతాయని భావించరాదు. బోర్డుపై గీతల మధ్య దూరం, రబ్బరును నిలిపే రంధ్రాల స్థానం కొలిచి చూడడం అవసరం.

పరిరక్షణ

బాగా పనిచేస్తున్న ఒక కంట్రోలరును విప్పి మరొక దానిని బాగుచేస్తే మొత్తం మీద మిగిలేది ఒక్కటే. అందువలన బోర్డు లేదా కేబులు పూర్తిగా చెడినవాటినే దాతలుగా వాడాలి. ఎన్ఈఎస్ కంట్రోలరును ఆరు సాధారణ మరలు తీసి విప్పవచ్చు. జిగురు అవసరం లేదు. అసలు రబ్బరు బలహీనపడినా దానిని పారవేయక, కంట్రోలరు నమూనా సంఖ్య వ్రాసిన సంచిలో భద్రపరచాలి. నకలు భాగం నచ్చనప్పుడు తిరిగి అమర్చడానికే కాక, కొత్త భాగాల ఎత్తు, గట్టిదనం, నిరోధాలను పోల్చి చూడడానికి కూడా అది ప్రామాణికమైన కొలమానంగా ఉపయోగపడుతుంది.