పామాయిలు పుట్టిన నేల

బెంగళూరు బేకరీలలో పొయ్యినుండి తీసిన పఫ్ పొరకు పొర అంటుకొనక కరకరలాడుటకు, పిండి పొరల నడుమ పరచిన గట్టి కొవ్వే కారణము. పూర్వము ఇతర నూనెలకు హైడ్రోజను ఎక్కించి వనస్పతిగా గట్టిపరచెడివారు. ఆ పద్ధతిలో పుట్టు ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములని తేలిన పిమ్మట, ఇంచుమించు సగము సంతృప్తమగుటచే సహజముగనే గడ్డకట్టు స్వభావముగల పామాయిలు వాని స్థానమును చాలవరకు ఆక్రమించెను. బిస్కత్తులకు, చిప్సుకు, సబ్బులకు గూడ అదియే ఆధారమై, దానిని దిగుమతి చేసికొను దేశములలో మన దేశము ప్రథమస్థానమున నిలిచినది.

ఈ నూనె నిచ్చు ఆయిల్‌పామ్ చెట్టు జన్మభూమి పశ్చిమ ఆఫ్రికా. సోయా హెక్టారుకు అర టన్ను నూనె నిచ్చుచోట 3 మొదలు 4 టన్నుల నిచ్చు చెట్టును నిందించుట న్యాయము గాదు; విచారింపవలసినది దానిని నాటిన తావును గూర్చి. సుమత్రా, బోర్నియో దీవులలో ఒరాంగుటానులకు నెలవులైన అడవులను నరికి, వేల యేండ్లుగా ఆకులు అలములు కుళ్ళి పేరుకొనిన పీట్ నేలలలోని నీటిని కాలువలు త్రవ్వి వెడలించి తోటలు వేసిరి. అట్లు ఎండిన నేలలు 2015లో అంటుకొన్నపుడు పొగ సింగపూరు దాక క్రమ్ముకొనెను.

మన యింటికి వచ్చిన నూనె ఏ నేలలో పుట్టినదో తెలియుట యెట్లు? పండు స్వభావమే ఒక దారి చూపుచున్నది. గెలనుండి రాలిన పండును చిదిమినచో వ్రేళ్లకు నారింజరంగు జిడ్డు అంటును. ఆ గుజ్జులోనిదే పామాయిలు, లోపలి గింజలోనిది వేరొక నూనె. గెల కోసినది మొదలు గుజ్జులోని లైపేజ్ అను ఎంజైము నూనెను విరిచి ఆమ్లములుగా మార్చసాగును గనుక, ఒక దినములోపల గెలలను మిల్లుకు చేర్చి ఆవిరిపట్టవలెను. కావున ఏ మిల్లుకైనను గెలలు దాపుననున్న తోటలనుండియే రాగలవు. మిల్లు పేరు తెలిసినచో, దాని చుట్టునున్న నేలను ఉపగ్రహ చిత్రములలో ఏటేట పరిశీలించి అడవి యెప్పుడు తరిగినదో కనుగొనవచ్చును. చిక్కంతయు ఆ మీదటిదే. పెక్కు మిల్లుల నూనె ఒకే శుద్ధి కర్మాగారమున కలిసిన పిదప జన్మస్థానము చెరిగిపోవును. అడవులకు హాని లేని పామాయిలు సాగుకై 2004లో వెలసిన ఆర్‌ఎస్‌పీఓ సంస్థ ధ్రువీకరించు నూనెలోను భేదములు కలవు: ఒక తెగ తుదివరకు వేరుగా నిలిపి తెచ్చునది, మరియొకటి ఇతర నూనెతో కలియనిచ్చి లెక్కలలో మాత్రము పరిమాణమును సరిచూచునది. రెండవదానివలనను మేలు కలదుగాని, కొనువారు రెంటిని ఒకటిగా భావింపరాదు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉమేష్ శ్రీనివాసన్ సహచరులతో కలిసి 2021లో నేచర్ ఫుడ్ పత్రికయందు ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్ననే మన దేశమునకు అన్వయించినది. జీవవైవిధ్యము తక్కువగానున్న సాగునేలలలో, ముఖ్యముగా వరి పండు నేలలలో, ఈ పంటను విస్తరించినచో అడవుల జోలికి పోకయే భావి యవసరములు తీరగలవని వారు తేల్చిరి. అదే యేట 11,040 కోట్ల రూపాయలతో ఆరంభమైన జాతీయ పథకమో, ఈశాన్య రాష్ట్రములకు, అండమాను దీవులకు విశేష ప్రాధాన్య మొసగినది. మిజోరములో పోడు నేలలయందు కనబడు అడవిపక్షులలో అల్పభాగమే ఆయిల్‌పామ్ తోటలలో నిలుచునని అంతకు మునుపే పరిశోధకులు చూపియుండగా, ఈ ప్రాధాన్యము తలక్రిందులైనదని నా దృఢవిశ్వాసము.

మన గోదావరి మండలములలో ఈ తోటలు పెక్కు పూర్వము ఇతర పంటలు పండిన పొలములలో వెలసినవి. ఏలూరు చెంత పెదవేగిలో ఈ పంటకు జాతీయ పరిశోధన సంస్థయు కలదు. ఇచ్చటి బాధ నీటిది: వేసవిలో చెట్టొక్కటికి దినమునకు సుమారు 200 లీటర్లు కావలెను, అందు పెద్దపాలు బోరుబావులనుండియే రావలెను. ఆ లెక్కను దాచి ఈ నూనెను నిర్దోషమనుట తగదు. అయినను 1993నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఫ్యాక్టరీకి ఇన్ని మండలములని పంచి, ఆయా రైతుల గెలలు ఆ ఫ్యాక్టరీకే చేరునట్లు ఏర్పరచినది. బెంగళూరు బేకరీలకు కొవ్వు పంపు వ్యాపారి అడుగదలచినచో, ఏ మండలపు గెలలు ఏ మిల్లులో ఆడినవో చెప్పగల ఆధారము ఇచ్చట ముందే కలదు.