ఇల్లు చూడబోతున్నారా..? మర్యాద మరువకండి
అడగవలసినవి అడగడానికి మొహమాటపడకండి

విజయవాడ: ఆదివారం వచ్చిందంటే చాలు.. సొంతింటి కోసం కుటుంబ సమేతంగా బయలుదేరేవారు నగరాల్లో ఎందరో. అమెరికా వంటి దేశాల్లో ఫలానా సమయానికి ఇల్లు తెరిచి ఉంచుతామని ముందే ప్రకటిస్తారు. అక్కడ దానిని ‘ఓపెన్ హౌస్’ అంటారు. మన ప్రాంతంలో ఆ పద్ధతి అరుదు. మధ్యవర్తి ఫోన్ చేస్తే వెళ్లి చూడటమే ఎక్కువ. అమ్మకానికి పెట్టిన ఇంట్లో చాలా సందర్భాల్లో యజమానో, అద్దెదారులో కాపురముంటారు. వారికి ఇబ్బంది కలగకుండా చూడాలి. అలాగని మొహమాటానికి పోతే జీవితకాలపు పొదుపు చిక్కుల్లో పడుతుంది. ఈ రెండింటినీ సమన్వయం చేసుకోవడమే అసలు విషయం.

ముందుగా కబురు పెట్టాలి

చెప్పకుండా తలుపు తట్టడం తగదు. యజమాని అంగీకరించినా అద్దెకున్నవారి వీలు వేరుగా కనుక్కోవాలి. అద్దె చెల్లిస్తున్నంతకాలం ఆ ఇంటిని ప్రశాంతంగా అనుభవించే హక్కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం వారికి ఉంటుంది. భోజన వేళలు, పిల్లల పరీక్షల రోజులు వదిలేయడం మేలు. ఇంట్లో ముగ్గురు నలుగురికి మించి వెళ్లకూడదు. ఆలస్యమైతే ఫోన్‌లో తెలపాలి. వెళ్లడం మానుకుంటే ఆ మాటా చెప్పాలి.

గుమ్మం దాటాక..

చెప్పులు బయటే విడవాలి. పూజగది, పడకగది, వంటగది చూడాలంటే ఇంటివారి అనుమతి తీసుకోవాలి. గోడలోని అల్మరాల లోతు చూడాలనుకుంటే వారినే తెరవమని కోరాలి. బీరువాలు, సొరుగుల జోలికి వెళ్లరాదు. అడగకుండా ఫొటోలు, వీడియోలు తీయరాదు. ఇంట్లోని వస్తువులు, పిల్లల చిత్రాలు అపరిచితుల ఫోన్లలోకి చేరడం ఎవరికీ ఇష్టముండదు. కొళాయి తిప్పి నీటి ధార చూడటం, గోడల చెమ్మ పరిశీలించడం తప్పు కాదు. ఒక్క మాట అడిగి చూస్తే సరిపోతుంది.

లోపాల మాట బయటకొచ్చాకే

‘ఇది పాత ఇల్లు, గదులు ఇరుకు’ అంటూ ఇంటివారి ఎదుటే పెదవి విరవడం కొందరికి అలవాటు. ధర తగ్గుతుందన్న ఆశతో ఇలా చేస్తారు. పిల్లల పెళ్లిళ్లు జరిపించిన ఇంటిని అవసరం కొద్దీ అమ్ముకుంటున్నవారికి ఆ మాట గుచ్చుకుంటుంది. బేరం అక్కడే చెడుతుంది. ఎందుకు అమ్ముతున్నారో ఒకసారి అడగవచ్చు. చెప్పడం ఇష్టం లేకపోతే రెట్టించకూడదు. అద్దెదారుల ముందు ధర మాట్లాడటం, ‘ఎప్పుడు ఖాళీ చేస్తారు’ అని వారినే నిలదీయడం సరికాదు. ఆ సంగతి యజమానితో తేల్చుకోవాలి. వాస్తు పండితుణ్ని, మేస్త్రీని మొదటిసారే వెంటబెట్టుకు వెళ్లే బదులు ఇల్లు నచ్చాక చెప్పి తీసుకెళ్తే ఉభయులకూ సౌకర్యం.

మోడల్ ఫ్లాట్ చూసి మురిసిపోవద్దు

కొత్త అపార్ట్‌మెంట్లలో అలంకరించిన మోడల్ ఫ్లాట్ చూపుతారు. అందులోని దీపాలు, కప్‌బోర్డులు, ఫర్నిచర్‌లో ఏవి ధరలో కలిసి ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. మోడల్ ఫ్లాట్‌ను లేదా తప్పుడు ప్రకటనను నమ్మి డబ్బు చెల్లించి నష్టపోతే 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు. గోడల మధ్య వాస్తవంగా వాడుకోగల స్థలమైన కార్పెట్ ఏరియా ఎంతో అడగాలి. బాల్కనీలు, బయటి గోడలు ఇందులోకి రావు. ఉమ్మడి స్థలాల వాటా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా దీనికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

నిర్మాణం జరుగుతున్న చోటికి మేస్త్రీ, ఇంజినీరు అనుమతి లేకుండా వెళ్లరాదు. చిన్నపిల్లలను అసలే తీసుకెళ్లకూడదు. రక్షణ గోడ లేని మెట్లు, మూత లేని లిఫ్టు గోతులు ప్రమాదకరం.

‘ఇప్పుడే టోకెన్’ అంటే..

‘మరో పార్టీ సాయంత్రం వస్తోంది, ఇప్పుడే టోకెన్ ఇవ్వండి’ అని తొందరపెట్టేవారు ఉంటారు. కాగితాలు చూశాక చెబుతామనడం అమర్యాద కాదు. రెరా పరిధిలోని ప్రాజెక్టులో రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి ప్రమోటర్ తీసుకోకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. రెరా నమోదు సంఖ్య, ఆమోదం పొందిన ప్లాన్ అడగాలి. పాత ఇల్లయితే లింకు దస్తావేజులు, ఈసీ, పన్ను రశీదులు న్యాయవాదికి చూపించాలి. అసలు దస్తావేజులు తమకిమ్మని పట్టుబట్టకుండా నకళ్లు అడిగితే చాలు.

నచ్చలేదా.. చెప్పేయండి

ఇల్లు నచ్చకపోతే ఒకటి రెండు రోజుల్లో ఆ మాట చెప్పాలి. ‘చూద్దాం’ అంటూ నాన్చితే యజమాని మరొకరికి మాట ఇవ్వలేక ఎదురుచూస్తారు. బేరం కుదిరినా, కుదరకపోయినా చూపించినందుకు కృతజ్ఞత తెలిపి రావడం మర్యాద. కుదిరితే రేపు దస్తావేజు మీద సంతకాలు చేయవలసింది ఆ ఇద్దరే.