వకీలు గదిలోని కంప్యూటరు: కక్షిదారు కాగితానికి కాపలా ఎవరు?

బళ్లారి, కోలారు, హోసూరు, బరంపురం, యానాం వంటి పట్టణాలలో న్యాయవాదుల కార్యాలయాలు అధికభాగం చిన్నవే. ఒక న్యాయవాది, ఒకరిద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు, దానికి అనుబంధంగా ప్రింటరు, స్కానరు - ఇంతే పరివారం. పూర్వం కక్షిదారుల దస్తావేజులు కట్టలుగా కట్టి ఇనుప బీరువాలో భద్రపరచి, తాళంచెవిని వకీలుగారే తమ వద్ద ఉంచుకొనేవారు. ఆ కాగితాలన్నీ నేడు బొమ్మలుగా మారి కంప్యూటరులో చేరుతున్నాయి. 2007లో ఆరంభమైన ఈ-కోర్టుల పథకపు మూడవ దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. దావాలు, అర్జీలు కంప్యూటరు ద్వారా దాఖలు చేయడం నానాటికీ సాధారణమవుతున్నది. బీరువాకు తాళం వేసే అలవాటు తరతరాలుగా ఉన్నది. కంప్యూటరుకు తాళం వేసే అలవాటు మాత్రం అనేక కార్యాలయాలలో ఇంకా కుదురుకోలేదు.

దస్తావేజులోని వేలిముద్ర విలువ

ఈ విషయం ఎంత తీవ్రమైనదో ఒక ఉదంతం తెలుపుతుంది. 2018 జూన్ నెలలో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఒక వ్యక్తి పోలీసులకు పట్టుబడ్డాడు. అతడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి భూముల దస్తావేజుల నకళ్లను దించుకొని, వాటిలోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, అన్యుల పేర వేల సంఖ్యలో సిమ్ కార్డులు చేతనం చేసినట్లు విచారణలో తేలింది. 2023లో కర్ణాటకలోనూ ఇటువంటి మోసాలు బయటపడ్డాయి. అక్కడ రిజిస్ట్రేషన్ పత్రాలలోని వేలిముద్రల ఆధారంగా బ్యాంకు ఖాతాల నుండి సొమ్ము తీసివేశారు.

ఇది ఎలా సాధ్యమైనది? ఆధార్ ఆధారిత చెల్లింపుల విధానంలో గ్రామాలలోని బ్యాంకు ప్రతినిధి వద్ద సొమ్ము తీసుకొనుటకు మూడే వివరాలు చాలు: ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు గాని, ఓటీపీ గాని అవసరం లేదు. చదువురాని వృద్ధులకు ఉపకరించేందుకు ఏర్పడిన సదుపాయమిది. ఆ వృద్ధులే దీనివలన మొదట నష్టపోయే స్థితి కలిగింది.

ఈ నేపథ్యంలో చిన్న న్యాయవాద కార్యాలయపు కంప్యూటరును పరిశీలించండి. ఒక వితంతువు తన భూమి దావా నిమిత్తం వచ్చినదనుకొందాం. ఆమె వేలిముద్ర ఉన్న క్రయదస్తావేజు, ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకపు మొదటి పుట - ఈ మూడూ ఆమె పేరుతో ఉన్న ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉంటాయి. మోసగాడు మూడు చోట్ల వెదకి సేకరించవలసిన సామగ్రి ఇచ్చట ఒకేచోట అమర్చి ఉన్నది.

కనుక మొదటి జాగ్రత్త ఇదే. అవసరం లేని పత్రాన్ని తీసుకోరాదు. ఆధార్ తప్పనిసరియైనప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ నకలును కోరవచ్చును. న్యాయస్థానంలో దాఖలు చేసే ప్రతిలో మార్పు చేయరాదు గాని, కార్యాలయంలో చదువుకొనేందుకు, ఇతరులకు పంపేందుకు తీసే నకళ్లలో వేలిముద్రలను కప్పివేయవచ్చును. ఆధార్ సంస్థ కల్పించిన బయోమెట్రిక్ లాకు సదుపాయాన్ని కక్షిదారుకు తెలియజెప్పడం మరింత మేలు. లాకు చేసిన తరువాత, తిరిగి తెరిచేవరకు ఆ వేలిముద్రతో లావాదేవీ జరగదు.

గోప్యత ఎవరెవరి బాధ్యత?

కక్షిదారు చెప్పిన రహస్యాన్ని వెల్లడించరాదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలోని 126వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 132వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఈ నియమం న్యాయవాదితో ఆగదు. ఆయన గుమాస్తాలకు, ఉద్యోగులకు, దుబాసీలకు కూడా వర్తిస్తుంది.

సరిహద్దు ప్రాంతాలవారికి ఈ చివరి మాట ముఖ్యమైనది. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్లారిలోను, 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురంలోను పాత దస్తావేజులు తెలుగులో ఉండడం సహజం. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి పత్రాలు కూడా ఎదురవుతాయి. ఇవి కన్నడంలోకో, ఒడియాలోకో, ఆంగ్లంలోకో అనువాదం కావాలి. అందువలన ఇతర ప్రాంతాలలో ఇద్దరి చేతులు దాటే కాగితం ఇక్కడ నలుగురి చేతులు దాటుతుంది. అనువాదకుని ఈ-మెయిలు, కోర్టు ఎదుటి డీటీపీ కేంద్రపు కంప్యూటరు, జిరాక్సు దుకాణపు పెన్‌డ్రైవ్ - ప్రతిచోటా ఒక నకలు మిగిలిపోతుంది. డీటీపీ కేంద్రం యజమాని న్యాయవాదికి ఉద్యోగి కాడు. అచ్చట పని ముగిసిన వెంటనే దస్త్రాన్ని తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయించి రావడం గుమాస్తాకు నేర్పవలసిన మొదటి పాఠం. వీలైనంతవరకు టైపు పని కార్యాలయంలోనే జరిగితే ఈ బెడద ఉండదు.

2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు న్యాయవాదులకు దర్యాప్తు సంస్థలు సమన్లు పంపే విషయమై తీర్పు ఇస్తూ, న్యాయవాది డిజిటల్ పరికరాన్ని పరిశీలించేటప్పుడు ఇతర కక్షిదారుల గోప్యతకు భంగం కలుగరాదని పేర్కొన్నది. ఒక్కొక్క కక్షిదారుకు ఒక్కొక్క ఫోల్డరు ఉంటేనే ఆ రక్షణ ఆచరణలో సులభమవుతుంది. అందరి కాగితాలనూ డెస్క్‌టాప్‌పై కలగాపులగంగా పోసే అలవాటు ఈ దృష్టితోనూ ప్రమాదకరమే.

ఆపద వచ్చే దారులు

2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని దస్త్రాలను గూఢలిపిగా మార్చివేసి, వాటిని విడిపించుటకు సొమ్ము కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది. సవరణను స్వీకరించని యంత్రాలే దెబ్బతిన్నాయి.

అందువలన అప్‌డేట్ సూచన వచ్చినప్పుడు 'తరువాత' అని నొక్కడం మంచిది కాదు. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసింది. పాత యంత్రం విండోస్ 11కు తగనిదైతే, ఉచితంగా లభించే లినక్స్ వ్యవస్థను ఆశ్రయించవచ్చును. కొనకుండా వేసుకొన్న దొంగ ప్రతులను నమ్మరాదు.

రెండవ దారి నకిలీ వెబ్‌సైట్లు, నకిలీ నోటీసులు. సుప్రీంకోర్టు వెబ్‌సైటును పోలిన నకిలీ సైట్ల ద్వారా వ్యక్తిగత వివరాలు లాగుతున్నారని ఆ న్యాయస్థానపు రిజిస్ట్రీ 2025 జనవరిలో బహిరంగ హెచ్చరిక జారీచేసింది. సందేశంలో వచ్చిన లంకెను నొక్కక, చిరునామాను స్వయంగా టైపు చేసి వెళ్లడం ఉత్తమం. పీడీఎఫ్ అని పేరులో ఉండి చివర ఈఎక్స్ఈ అని ముగిసే దస్త్రాన్ని తెరువరాదు. వాట్సాప్‌లో నోటీసు పేరిటనో, శుభలేఖ పేరిటనో వచ్చే ఏపీకే దస్త్రం కూడా అంతే. అది కాగితం కాదు, ఫోనులో చేరి ఓటీపీలను దొంగిలించగల ప్రోగ్రాము.

తాళం వేసే విధానం

న్యాయవాదికి, గుమాస్తాకు, జూనియరుకు వేర్వేరు యూజరు ఖాతాలు ఏర్పరచాలి. ఒకరు కొలువు మానినప్పుడు ఆ ఖాతాను వెంటనే మూసివేయాలి. పాస్‌వర్డుగా వాహనపు సంఖ్య, పిల్లల పేరు పనికిరావు. పరస్పర సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను - గుమ్మడి, కొలిమి, గొడుగు, పదిహేడు అన్నట్లు - ఆంగ్లాక్షరాలలో వరుసగా రాసుకొంటే గుర్తుండును, ఊహించుట కష్టమగును. ఈ-మెయిలుకు, వాట్సాప్‌కు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా అమర్చుకోవాలి.

ల్యాప్‌టాప్ బస్సులో పోయినా లోపలి దస్త్రాలు పరుల కంట పడకుండా డిస్కును గూఢలిపిగా మార్చే సదుపాయం ఉన్నది. విండోస్ ప్రో ప్రతులలో దీని పేరు బిట్‌లాకర్. దానిని అమర్చేటప్పుడు వచ్చే 48 అంకెల రికవరీ కీని అచ్చుతీసి, పాత ఇనుప బీరువాలోనే భద్రపరచాలి. యంత్రం ఆ కీని అడిగిన వేళ అది లేకపోతే యజమానికి సైతం దస్త్రాలు దక్కవు.

నకళ్ల విషయంలో 3-2-1 సూత్రం ప్రసిద్ధం. ప్రతి దస్త్రానికి 3 ప్రతులు, 2 రకాల సాధనాలపై, వాటిలో 1 కార్యాలయం వెలుపల. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంటి వద్దనో గూఢలిపి రూపంలో క్లౌడులోనో మరొకటి ఉంటే సరిపోతుంది. హార్డ్‌డిస్కును నకలు తీసిన వెంటనే విడదీయాలి. తగిలించి ఉంచితే దుష్ట ప్రోగ్రాము దానిని కూడా పాడుచేస్తుంది. నెలకొకసారి ఆ నకలు నుండి ఒక దస్త్రాన్ని తెరిచి చూడాలి. తెరువబడని నకలు ఆపత్కాలంలో అక్కరకు రాదు.

అక్షరాల భద్రత, సాక్ష్యాల భద్రత

దొంగ ప్రమేయం లేకుండానే దస్త్రం నిరుపయోగం కావచ్చు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పత్రం ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పాత నుడి ఫాంట్లలోని కన్నడ పత్రాలకూ ఇదే గతి. ఇకమీదట టైపు చేసేవన్నీ యూనికోడ్‌లో ఉండాలి. పాతవాటిని ఆ ఫాంటు పనిచేస్తున్నప్పుడే పీడీఎఫ్‌గా మార్చి నిలుపుకోవాలి.

సాక్ష్యంగా దాఖలు చేయదలచిన ఫొటో, ఆడియోల విషయంలో మరింత మెలకువ అవసరం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఆవశ్యకమని సుప్రీంకోర్టు 2014లోను, మరల 2020లోను స్పష్టపరచింది. కొత్త అధినియమపు 63వ సెక్షను ప్రకారం ఇచ్చే ధ్రువపత్రంలో దస్త్రపు హాష్ విలువను పేర్కొనాలి. హాష్ అనగా దస్త్రానికి గణితం వేసిన ముద్ర. ఒక్క చుక్క మారినా ఈ విలువ పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో దీనిని ఉచితంగా లెక్కించవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించబడి హాష్ మారుతుంది. కనుక మూల దస్త్రాన్ని కేబులు ద్వారా నకలు తీసుకొని, ఆ రోజే హాష్ లెక్కించి, తేదీతో నమోదు చేయాలి. మూలమున్న ఫోనును అమ్మవద్దని కక్షిదారును హెచ్చరించాలి.

నష్టం జరిగిన పిదప

అనుమానం కలిగిన క్షణమే ఇంటర్నెట్ కేబులు తీసివేసి, వైఫై ఆపాలి. వేరొక యంత్రం నుండి పాస్‌వర్డులు మార్చాలి. సొమ్ము పోయినట్లయితే 1930 సంఖ్యకు ఆలస్యం లేకుండా ఫోను చేయాలి. తొలి గంటలలో తెలిపితే సొమ్ము దాటిపోకుండా నిలిపే అవకాశం అధికం. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అంతకంటె కష్టమైన పని మరొకటి ఉన్నది. ఎవరెవరి కాగితాలు పోయాయో వారికి ఆ సంగతి చెప్పడం. పరువుకు వెరచి దాచితే, ఆ కక్షిదారు తన ఆధార్‌ను లాకు చేసుకొనే అవకాశాన్ని కూడా కోల్పోతాడు.

పై జాగ్రత్తలలో అధికభాగానికి ఖర్చు లేదు. బయటి హార్డ్‌డిస్కు ఒక్కటే కొనవలసిన వస్తువు. అన్నీ ఒకేనాడు చేయలేనివారు ఈ శనివారం రెండు పనులతో ఆరంభించవచ్చును. మొదటిది దస్త్రాలన్నిటికీ ఒక నకలు తీసి విడిగా భద్రపరచడం. రెండవది ముగిసిన దావాల ఫోల్డర్లు తెరిచి, ఇక అవసరం లేని ఆధార్, పాసుపుస్తకపు బొమ్మలను తొలగించడం. వేలిముద్ర వేసి వెళ్లిన వృద్ధురాలికి ఆ బొమ్మలు ఇంకా అచ్చట ఉన్న సంగతే తెలియదు. వాటిని కాపాడవలసినవారు ఆ గదిలోనివారే.